"ఒక దినమాయెను": ఆదికాండంలో దినము అనే మాట మీద చర్చ

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను, ఆదివారాలు మా సంఘంలో సండే స్కూల్ చూసుకుంటాను. ఒక మాట దగ్గర ఈ రెండు పనులూ ఢీకొన్నాయి. భాష తెలిసినవాళ్లు ఉన్నారని ఇక్కడ పెడుతున్నాను.

ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాం. అక్కడ కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టి ఉంటుంది. అది ఎక్కడో అమెరికాలో దొరికింది కాదు. మన ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. జురాసిక్ కాలం నాటిది, పదిహేను కోట్ల ఏళ్లకు పైమాటే. పిల్లలందరూ ఫోటోల హడావిడిలో ఉన్నారు. పదో తరగతి చదివే ఒక అమ్మాయి మాత్రం వెనక కాలి దగ్గరే ఆగిపోయింది. ఆ ఎముక తన భుజందాకా వస్తుందో లేదో చేత్తో కొలుచుకుంటూ మెల్లగా అడిగింది: "టీచర్, దీన్ని దేవుడు ఏ దినం చేశాడు?"

నేలమీద తిరిగేది కాబట్టి ఆరో దినం అనుకుంటా అన్నాను.

"ఆదాముని కూడా ఆరో దినమే కదా. ఇద్దరూ ఒకే రోజా?"

నేను తడుముకున్నాను. తిరుగు ప్రయాణంలో తను ఫోన్లో బైబిల్ తెరిచి, ఆదికాండం 1:5 మీద వేలు పెట్టి నాకు చూపించింది. "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను." చూపించి ఇంకో ప్రశ్న వేసింది: "సూర్యుణ్ణి చేసింది నాలుగో దినం. మరి మొదటి దినం అస్తమించింది ఎవరు టీచర్?"

ఆ ప్రశ్నతో వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు నాకు. పిల్ల వెటకారంగా అడగలేదు. తనకి ప్రార్థన అలవాటుంది, చదువంటే ఇష్టముంది. రెంటిలో ఒకటి వదులుకోవాల్సి వస్తుందేమోనని ఆ పిల్లకి లోపల భయం. ఆ టెన్షన్ నాకు కనిపించింది.

నేను చూసినంతలో తేలింది చెప్తాను. హీబ్రూలో ఇక్కడున్న మాట యోమ్. ఆ ఒక్క మాటకే మన అనువాదంలో చోటుని బట్టి వేరు వేరు మాటలు వాడారు. 1:5లో "వెలుగునకు పగలనియు" అని పేరు పెట్టిన చోట ఉన్నదీ యోమే, అదే వచనం చివర "ఒక దినమాయెను" అన్న చోట ఉన్నదీ యోమే. హీబ్రూ చదివేవాడికి ఒకే వచనంలో ఒకే మాట, ముందు వెలుతురున్న పూటని, వెంటనే రాత్రీపగలూ కలిసిన రోజుని చెబుతుంది. తెలుగు చదివేవాడికి రెండు మాటలు కనిపిస్తాయి కాబట్టి ఈ సంగతి తెలియదు. ఇంకొంచెం ముందుకెళ్తే 2:4లో "దేవుడైన యెహోవా భూమిని ఆకాశమును చేసిన దినమందు" అని ఉంటుంది. ఆరు దినాల పనంతా అక్కడ ఒక్క దినంలోకి వచ్చేసింది. అంటే అక్కడ యోమ్ అంటే "అప్పుడు" అనే.

మరి ఆరు దినాలు అన్నప్పుడు ఈ మూడింట్లో ఏది? పిల్లకి నేనేం చెప్పాలి?

*

ఏలూరు నుంచి ఒక పాస్టరు గారు

సిస్టర్ గారికి వందనాలు. మీ ఆరాటం అర్థమైంది. మా బైబిల్ కాలేజీలో మాకు నేర్పింది ఇదీ: దినము అంటే యుగం అని తీసుకోవచ్చు. పేతురు రెండో పత్రిక 3:8 చూడండి. "ప్రభువు దృష్టికి ఒక దినము వెయ్యి సంవత్సరములవలెను, వెయ్యి సంవత్సరములు ఒక దినమువలెను ఉన్నవి." కనుక ఆరు దినాలు ఆరు మహాకాలాలు. సైన్సు చెప్పే కోట్ల ఏళ్లు అందులో పడతాయి. పిల్లలకి ఇది చెబితే సరిపోతుంది.

*

నా జవాబు

అయ్యగారూ, వందనాలు. మొదట నేనూ ఇదే చెబుదామనుకున్నాను, ఎందుకంటే తేలిక. కానీ ఆ వచనాన్ని పిల్లల ముందు గట్టిగా చదివేసరికి "వలె" దగ్గర ఆగిపోయాను. పేతురు దినానికి వెయ్యేళ్లని లెక్క కట్టడం లేదు, పోలిక చెప్తున్నాడు. అదీ రెండు వైపులా చెప్తున్నాడు. దినం వెయ్యేళ్లలా ఉంటుంది, వెయ్యేళ్లూ దినంలా ఉంటాయి. ప్రభువు రాకడ ఆలస్యమైందని కుంగిపోతున్నవాళ్లకి ధైర్యం చెప్పే మాట అది. తొంభయ్యో కీర్తనలో వెయ్యేళ్లు నిన్నటి రోజులా, రాత్రి ఒక జాములా గడిచిపోతాయన్నదీ ఆ దారిలోదే. అయినా లెక్కగానే తీసుకుందాం, ఆరు వేల ఏళ్లే వస్తాయి. భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు.

పోనీ వెయ్యేళ్లు వదిలేసి దినం అంటే ఎంతైనా సాగే కాలం అనుకుందాం. అప్పుడు వరస కుదరదు. మూడో దినం చెట్లు, పండ్ల చెట్లతో సహా. సూర్యుడు నాలుగో దినం. దినాన్ని కోట్ల ఏళ్లకి సాగదీస్తే ఆ చెట్లు కోట్ల ఏళ్లు ఎండ లేకుండా బతకాలి. ఐదో దినం పక్షులు, ఆరో దినం నేల జంతువులు. శిలాజాల్లో చూస్తే నేలమీద నడిచేవి ముందు, ఎగిరే పక్షులు చాలా తర్వాత. జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఇది కళ్లు మూసుకుని దాటేయలేను. ఒక మాటని సాగదీసి సైన్సుకి అతికిస్తే, పైతరగతికి వెళ్లాక ఆ అతుకు పిల్లలే విప్పుతారు. అప్పుడు మన మీద నమ్మకం పోతుంది.

*

తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒక మాస్టారు

అమ్మా, నేను క్రైస్తవుణ్ణి కాను. మాట మీద చర్చ కనుక నాకు తెలిసింది చెప్తాను.

2:4లో "చేసిన దినమందు" అన్నది సంస్కృత పదం వేసి కట్టినది. అచ్చ తెలుగులో ఆ పనికి మనకి సొగసైన మాట ఉంది: నాడు. "చేసిననాడు" అంటే రోజూ వస్తుంది, కాలమూ వస్తుంది. ఆదివారం నాడు అంటే కచ్చితంగా ఆ రోజే. ఆనాడు అంటే ఏ రోజో కాదు, ఆ కాలం. "వానలు పడిననాడు చూసుకుందాంలే" అంటే పడినప్పుడు అని. మీరు చెప్పిన యోమ్‌కి తెలుగులో దగ్గరి చుట్టం దినము కాదు, నాడు.

అయితే ఇంకోటి కూడా ఉంది. ముందు అంకె పడితే ఈ సాగుడు ఆగిపోతుంది. "ఆ రోజుల్లో" అంటే ఏళ్లూ పూళ్లూ కావచ్చు. "ఆరు రోజుల్లో" అంటే ఆరు రోజులే. "నా రోజులు బాగాలేవు" అంటే కాలం. "నాలుగో రోజుకి జ్వరం తగ్గింది" అంటే రోజు. హీబ్రూ నాకు రాదు కానీ, తెలుగు చెవికి మాత్రం "రెండవ దినమాయెను" అంటే రోజులాగే వినిపిస్తుంది. యుగం అని వినిపించదు.

*

నా జవాబు

మాస్టారూ, "చేసిననాడు" చదివి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. హీబ్రూలో అక్కడున్నది "బెయోమ్". మీరు చెప్పిన నాడుకి సరిగ్గా అతికింది. "నీవు వాటిని తిను దినమున నిశ్చయముగా చచ్చెదవు" అని 2:17లో ఉన్నదీ అదే కట్టు. తిన్నారు, ఆ రోజు చావలేదు, ఆదాము 930 ఏళ్లు బతికాడని ఐదో అధ్యాయంలో ఉంది. ఆ వచనానికి వివరణలు చాలానే ఉన్నాయి. "తిన్ననాడు చస్తావు" అని చదివితే మాత్రం సగం ఇబ్బంది తీరిపోతుంది.

అంకె సంగతి కూడా మీరన్నట్టే. హీబ్రూలోనూ అంకెతో వచ్చిన యోమ్ మామూలుగా రోజే.

*

హీబ్రూ నేర్చుకుంటున్న ఒక విద్యార్థి, బెంగళూరు

అక్కా, మన పాత అనువాదం చేసినవాళ్లని మెచ్చుకోవాల్సిన చోటు ఒకటుంది. మొదటి దినానికి హీబ్రూలో "యోమ్ ఎహాద్" అని ఉంటుంది. ఎహాద్ అంటే ఒకటి. మొదటి అనడానికి వేరే మాట ఉంది, రిషోన్. అది ఇక్కడ వాడలేదు. రెండో దినం నుంచి మాత్రం రెండవ, మూడవ అని వరుస సంఖ్యలు. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ దీన్ని సర్దేసి "మొదటి దినం" చేసింది. మన తెలుగు మాత్రం హీబ్రూ ఎలా ఉందో అలాగే ఉంచింది: "ఒక దినమాయెను", ఆ తర్వాత "రెండవ దినమాయెను". కొత్తగా వచ్చే వాడుక భాష అనువాదాల్లో ఎవరైనా దీన్ని "మొదటి రోజు" అని మారిస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

నాలుగో శతాబ్దంలోనే కైసరయ బిషప్పు బాసిల్ దీనిమీద ప్రసంగం చేశాడు, మొదటి అనకుండా ఒక అని ఎందుకన్నారని. రాత్రీ పగలూ కలిస్తే ఒక దినం అని ముందు కొలత చెప్పి, తర్వాత లెక్క మొదలుపెట్టినట్టుంది అది. ఇంకో మాట, బాసిల్ దాన్ని ఇరవై నాలుగు గంటల రోజుగానే తీసుకున్నాడు. పాత రోజుల్లో అందరూ ఒకేలా చదివారని ఎటువైపు వాళ్లూ అనడానికి లేదు.

*

నా జవాబు

తమ్ముడూ, నువ్వు చెప్పాక పుస్తకం తీసి చూశాను. ఇన్నేళ్లుగా చదువుతున్నా, ఆ "ఒక" ఎప్పుడూ కంటికి ఆనలేదు. విశాఖపట్నంలో మిషనరీ డెగ్రాంజెస్, ఆయన పక్కన కూర్చున్న ఆనందరాయరు చేసిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అక్కడి నుంచి ఎన్ని చేతులు మారి మన చేతికి ఈ పాత నిబంధన తెలుగు వచ్చిందో! ఎవరో ఒకరు "మొదటి" అని రాయబోయి ఆగి, "ఒక" అని రాశారు.

కానీ నువ్వు మెచ్చుకున్న వచనంలోనే మా పిల్ల పట్టుకున్న చిక్కూ ఉంది. హీబ్రూలో ఎరెవ్, బోకెర్ అని ఉంటే మనవాళ్లు అస్తమయము, ఉదయము అన్నారు. ఎరెవ్ అంటే సాయంకాలం, అంతే. ఆ మాట సూర్యుడి పేరెత్తదు. మన అస్తమయంలో మాత్రం సూర్యుడు పడమట దిగిపోతూ కనిపిస్తాడు. తెలుగు చదివినందుకే ఆ ప్రశ్న ఆ పిల్లకి అంత సూటిగా తగిలింది. "సాయంకాలమాయెను, తెల్లవారెను" అని ఉంటే ఆ పదునుండేది కాదేమో.

అలాగని ప్రశ్న తెలుగు వల్ల పుట్టిందనీ అనలేం. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా క్రైస్తవ పండితుడు ఒరిజెన్ ఇదే అడిగాడు. సూర్యచంద్రులు, నక్షత్రాలు లేకుండా మొదటి మూడు దినాలకి సాయంకాలం, ఉదయం వచ్చాయని బుద్ధున్నవాడెవడు అనుకుంటాడు అని. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. సైన్సుకి జడిసి ఎవరో కొత్తగా పుట్టించిన అనుమానం కాదిది. సైన్సు ఊసే లేనప్పుడు, వాక్యాన్ని ప్రేమించి దగ్గరగా చదివినవాడికి వచ్చిన అనుమానం. ఇది చెప్పినప్పుడు మా పిల్ల ముఖం చూడాలి మీరు. తను తప్పు ప్రశ్న అడగలేదని తెలిసి ఎంత తేలికపడిందో.

*

వరంగల్ నుంచి ఒక అన్న

అక్కా, మంచిగ రాస్తున్నరు. కానీ నాకు ఒకటి నచ్చలే. నిర్గమకాండం 20లో పది ఆజ్ఞలు దేవుడే చెప్పిండు. ఆరు దినములలో సమస్తం చేసి ఏడో దినం విశ్రమించిండు, కాబట్టి మీరు కూడా విశ్రాంతి తీసుకోండి అని. మనం పని చేసేది మామూలు రోజులే కదా. అవి మామూలు రోజులైతే ఇవి కూడా మామూలు రోజులే కావాలె. మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె ఆరు దినాలంటే ఆరు దినాలే అని నమ్మింది, ఆ నమ్మకంతోనే పోయింది. ఆమె నమ్మింది తప్పంటరా?

*

నా జవాబు

అన్నా, మీ నాయనమ్మ గారు నమ్మింది తప్పని నేను చచ్చినా అనను. మాట వరకు అయితే మీరే కరెక్టు. పాస్టరు గారికి చెప్పిందే మీకూ చెప్తున్నా: ఈ కథలో దినము అంటే దినమే. సాయంకాలం, ఉదయం, అంకె, అన్నీ పెట్టి మరీ చెప్పారు. దాన్ని యుగం చేయడానికి నాకు మనసు రావడం లేదు. నాకు తేడా కనిపిస్తున్నది మాటలో కాదు, ఆ మాటతో ఏం పని చేయించారన్న దగ్గర.

మీరు చెప్పిన ఆజ్ఞ మళ్లీ ఇంకోచోట వస్తుంది, నిర్గమకాండం 31:17లో. అక్కడ హీబ్రూలో దేవుడు ఏడో దినం పని మానాడు అన్నాక ఇంకో క్రియ ఉంది. అది ప్రాణం, ఊపిరి అనే మాట నుంచి పుట్టింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే "ఊపిరి పీల్చుకున్నాడు", మనం అనుకునేట్టు "కాస్త ప్రాణం కుదుటపడింది". మన తెలుగులో అది విశ్రమించెను అనే మాటలో కలిసిపోయి కనిపించదు. అదే క్రియ 23:12లో ఎవరికి వాడారో చూడండి. దాసి కొడుకుకి, పరదేశికి. వారమంతా వెట్టి చేసినవాడు ఏడో రోజు చెట్టు కింద చతికిలబడి "అమ్మయ్య" అంటాడే, ఆ మాట. ఆ మాటనే దేవుడికీ వాడారు.

మరి దేవుడు అలిసిపోయాడా? యెషయా 40:28లో "ఆయన సొమ్మసిల్లడు అలయడు" అని ఉంది. దేవుడికి ఆయాసం వచ్చి ఊపిరి పీల్చుకున్నాడని మీ నాయనమ్మ గారూ అనుకోలేదు, మీరూ అనుకోరు. మన భాషలో, మన ఒంటికి తెలిసిన తీరులో చెప్పిన మాట అని చెప్పకుండానే అర్థం చేసుకుంటాం. విశ్రాంతి మన తీరులో చెప్పిందైతే, ఆ విశ్రాంతికి ముందున్న ఆరు దినాల పని కూడా మన తీరులో చెప్పిందే అని నాకు అనిపిస్తుంది. కూలివాడి వారం తెచ్చి దేవుడికి తొడిగారు. ఎందుకంటే ఆ కూలివాడికి ఒక రోజు సెలవు దక్కాలి. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఇటుకలు చేసి చేసి వచ్చినవాళ్లకి సెలవంటే ఏంటో తెలియదు. "మీ దేవుడే ఏడో రోజు పని మానాడు, మిమ్మల్ని ఆపేదెవడు" అని చెప్పడం వాళ్లకి భూమి వయసు చెప్పడం కంటే ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

మీ నాయనమ్మ గారు ఆదివారం పొలం పని మానేవారా? మానితే, ఆ అధ్యాయం ఎందుకు రాశారో అది ఆవిడకి అందినట్టే.

*

వరంగల్ అన్న

మానేది. ఎడ్లను కూడా కట్టకపోయేది.

*

ఒంగోలు నుంచి ఒక టీచరమ్మ

నాకు రెండో వచనం మీద చెప్పాలనుంది. "భూమి నిరాకారముగాను శూన్యముగాను ఉండెను." హీబ్రూలో తోహూ, బోహూ అని ప్రాసలా వచ్చే జంట అంటారు. మన తెలుగులో ఆ శబ్దం రాలేదు కానీ, ఆరు దినాల తాళం చెవి ఈ రెండు మాటల్లోనే దొరికింది నాకు. ఆకారం లేదు, లోపల ఏమీ లేదు. మొదటి మూడు దినాలు ఆకారం ఇవ్వడం: వెలుగూ చీకటీ వేరయ్యాయి, పై నీళ్లూ కింది నీళ్లూ వేరై మధ్యలో ఆకాశం వచ్చింది, నీళ్లు పక్కకెళ్లి ఆరిన నేల కనబడింది. తర్వాతి మూడు దినాలు నింపడం. వెలుగు చీకట్లున్న చోట జ్యోతులు, ఆకాశంలో పక్షులు నీళ్లలో చేపలు, నేలమీద జంతువులు, మనిషి. ఒకటికి నాలుగు, రెండుకి ఐదు, మూడుకి ఆరు జత. ఇల్లు కట్టేవాడు ముందు గోడలు లేపి తర్వాత సామాను సర్దినట్టు. ఇలా చూస్తే సూర్యుడు నాలుగో దినం ఎందుకొచ్చాడో తెలుస్తుంది. ఆలస్యం కాలేదు, తన గది తయారయ్యాక వచ్చాడు.

*

నా జవాబు

టీచరమ్మా, సామాను పోలిక మా పిల్లలకి వాడుకుంటాను. ఇలా చదవడం పాతదే. సృజించడం, వేరు చేయడం, అలంకరించడం అని మధ్యయుగాల పండితులు కూడా ఈ ఆరు దినాల పనిని విడగొట్టారు. నాలుగో దినం మీద ఇంకొంచెం చెప్తాను. అక్కడ సూర్యుడు అనే మాటే లేదు, చంద్రుడు అనే మాటా లేదు. "పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి" అని చుట్టూ తిప్పి చెప్పారు. హీబ్రూలో షెమెష్, యారేఅహ్ అని చక్కటి పేర్లున్నా వాడలేదు. చుట్టుపక్కల బాబిలోనులో సూర్యుడు షమష్ అనే దేవుడు, చంద్రుడు సీన్ అనే దేవుడు. ఇక్కడ మాత్రం మాఓర్ అన్నారు, ప్రత్యక్ష గుడారంలో నూనె పోసి వెలిగించే దీపానికి వాడే మాట. దేవుడి ఇంట్లో వేలాడదీసిన దీపాలు అవి. ఇది చదివేటప్పుడు, ఈ అధ్యాయం అడుగుతున్న ప్రశ్న "ఎన్ని గంటలు" కాదు, "ఎవరివి ఇవన్నీ" అని తెలిసిపోతుంది.

*

అమెరికా నుంచి ఒక భూగర్భశాస్త్రవేత్త

నేను కడప జిల్లాలో పుట్టాను. మా ఇంట్లో వంటగట్టు మీద పరిచింది నల్లటి కడప రాయే. చదువు కోసం ఇటు వచ్చాక తెలిసింది, ఆ కడప బేసిన్ రాళ్లలో పాతవి దాదాపు 190 కోట్ల ఏళ్లనాటివని. నా చిన్నప్పుడు మా అమ్మ ఆ గట్టు మీదే దోసెలకి పిండి రుబ్బిన గిన్నె పెట్టేది, పక్కన బైబిల్ పెట్టి చదువుకునేది. ఆవిడకి ఆ వయసు చెప్తే "అన్నేళ్లు ఓపిక పట్టాడా దేవుడు" అంది.

ఒక సందేహం. "వెలుగు కమ్మని" అన్నది బిగ్ బ్యాంగే అని మా చర్చిలో చెప్తుంటారు. మీరేమంటారు?

*

నా జవాబు

అమ్మగారి మాట చాలా బాగుంది.

బిగ్ బ్యాంగ్ సంగతి. విశ్వం ఒక మొదటి అణువు లాంటి దాన్నుంచి విప్పారిందని 1931లో చెప్పింది బెల్జియం గురువు జార్జ్ లెమైత్ర్, కతోలిక ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతం సృష్టిని సమర్థిస్తున్నట్టు మాట్లాడితే, ఆ లెమైత్రే ఇబ్బందిపడ్డాడు. తన సిద్ధాంతాన్ని మతానికి ఊతకర్రగా వాడొద్దన్నాడు. రేపు లెక్కలు మారితే ఏం చేస్తాం? పైగా విశ్వం మొదలైన దాదాపు మూడు లక్షల ఎనభై వేల ఏళ్లకి గానీ వెలుగు అడ్డులేకుండా పారలేదని సైన్సు చెప్తుంది. మూడో వచనానికి అది అతకదు, అతకనవసరమూ లేదు. దినాన్ని సాగదీయడం ఎంత తప్పో, వెలుగుని ఇరికించడం అంత తప్పు.

పాతకాలపు బిషప్పు ఆగస్టీన్ ఈ దినాలు ఎలాంటివో ఊహించడం మనకి చాలా కష్టం, లేదా అసాధ్యం అన్నాడు. ఇంకో చోట, ఆకాశం గురించీ భూమి గురించీ తెలిసిన అవిశ్వాసి ముందు క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తెలియని మాటలు మాట్లాడితే ఎంత సిగ్గుచేటో రాశాడు. బైబిల్లో ఆ మనిషికి తెలిసిన సంగతుల్లోనే తప్పులున్నాయని అతను అనుకుంటే, పునరుత్థానం గురించి చెప్పింది ఎలా నమ్ముతాడు అని. పదహారు వందల ఏళ్ల నాటి మాట. ఆగస్టీన్ కూడా ప్రపంచం వయసు ఆరు వేల ఏళ్లలోపే అనుకున్నాడు, ఆయన్ని సైంటిస్టుని చేయక్కర్లేదు. కానీ తెలియనిచోట తెలియదనగలిగాడు. ఆర్చిబిషప్పు అషర్ బైబిల్లోని వంశావళులన్నీ కూడి, సృష్టి జరిగింది క్రీస్తుపూర్వం 4004లో అని 1650లో లెక్క తేల్చాడు. ఆ అంకె చాలా ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లోకెక్కి వాక్యమంత గట్టిగా నాటుకుపోయింది. అది వాక్యం కాదు, కూడిక.

*

ఏలూరు పాస్టరు గారు

సిస్టర్ గారూ, మళ్లీ చదివాను. యుగం అనే మాట వచ్చే ఆదివారం ప్రసంగం నుంచి తీసేస్తున్నాను. కానీ దాని చోట ఏం పెట్టాలి? సంఘంలో ముసలివాళ్లున్నారు, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. అందరికీ ఒకే వాక్యం చదవాలి కదా.

*

నా జవాబు

అయ్యగారూ, నేను మొన్న చేసింది చెప్తాను. కొత్తగా ఏమీ చెప్పలేదు. ముందు రెండో వచనం చదివించాను: "దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను." తర్వాత ద్వితీయోపదేశకాండం 32:11 తీయించాను. పక్షిరాజు "తన పిల్లలపైని అల్లాడుచు" అని. రెండు చోట్లా హీబ్రూలో ఒకే క్రియ, మనవాళ్లు రెండు చోట్లా అల్లాడు అనే వేశారు. నేటి తెలుగులో అల్లాడడం అంటే బాధతో తల్లడిల్లడం కాబట్టి పిల్లలకి వింతగా ఉంది. గూటి మీద రెక్కలాడించే పక్షి అని చెప్పాను. ఇంటి దగ్గర కోళ్లున్న ఒక బాబు లేచి రెండు చేతులూ చాపి ఎలా ఆడిస్తుందో చేసి చూపించాడు. సృష్టికి ముందే ఆ రెక్కలున్నాయి అన్నాను. అంతే.

భూమి వయసు అడిగితే పరీక్షలో 454 కోట్లే రాయమన్నాను, దేవుడికి అందులో అవమానం ఏమీ లేదన్నాను. దినము అంటే దినమే, దేవుడి పనివారం అన్నాను.

మ్యూజియంలో అడిగిన అమ్మాయి ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. అందరూ వెళ్లిపోయాక బైబిలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. మొదటి అధ్యాయంలో "అస్తమయమును ఉదయమును కలుగగా" అని ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత గీసింది. ఆరు గీతలు. పేజీ తిప్పి రెండో అధ్యాయం మొదటి మూడు వచనాలు చూపించింది. అక్కడ ఏడవ దినము అని ఉంది, పని మాని విశ్రమించడం ఉంది, ఆశీర్వదించడం ఉంది. గీత లేదు.

"టీచర్, ఏడో దినానికి సాయంకాలం రాయలేదు. మర్చిపోయారా, ఇంకా అవ్వలేదా?"

దేవుడి విశ్రాంతి గురించి చెప్పే హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయం చదువుకుని రమ్మని పంపాను. వచ్చే ఆదివారం మాట్లాడుకుంటాం.